గొంతునొప్పే కదా అన్నారు

వద్దు బావా, అక్క తరఫున మొదలుపెట్టకు. ముందు కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. మంచం మీద కూర్చో. ఓడ దిగి ఒళ్ళు కూడా తేరుకోలేదు, అప్పుడే రాయబారానికి వచ్చేశావా?

ఏంటలా ఉలిక్కిపడ్డావు? నా గొంతు విని? ఆఁ, ఇదే ఇప్పుడు నా గొంతు. ఫోన్లో ఒకటి రెండు ముక్కలు మాట్లాడినప్పుడు సిగ్నల్ బాలేదనుకుని ఉంటావు. సిగ్నల్ బాగానే ఉంది. పోయింది గొంతే. రేకు మీద మేకుతో గీసినట్టుంటుంది. మొదట్లో నాకే ఎవరో వెనకాల నిలబడి మాట్లాడుతున్నట్టుండేది. ఇప్పుడు అలవాటైపోయింది. నీకూ అయిపోతుందిలే.

సరే, ఆవిడ నీకేమని చెప్పింది? తమ్ముడికి రక్తంలో ఏవో కణాలు తగ్గాయి, ఆస్పత్రిలో పెట్టాం, గండం గడిచింది, ఇంటికొచ్చాక అలిగి వేరే గది తీసుకున్నాడు. అంతేనా? అలిగానట! పుట్టినరోజుకి సైకిల్ కొనలేదని అలిగాననుకుంటున్నావా?

వింటావా మరి? వింటానంటే మొదట్నుంచీ వినాలి. మధ్యలో "పోనీలేరా" అనకూడదు. ఆ మాట వింటే ఈమధ్య నాకు ఒళ్ళు మండిపోతోంది.

నువ్వు క్రితంసారి ఓడెక్కేనాటికే నేను సగమైపోయాను, గుర్తుందా? గేటు దగ్గర నువ్వే అన్నావు, "ఏరా మైకూ, నువ్వు చొక్కా వేసుకున్నావా, చొక్కా నిన్ను వేసుకుందా?" అని. బస్టాండులో అందరూ నన్ను మైకూ అని పిలిచేవాళ్ళని నువ్వూ అదే పట్టుకున్నావు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో అన్నేళ్ళు చెప్పిన నోరు కదా. పేరు పెట్టినా తప్పులేదు.

నువ్వెళ్ళాక ఇంకా ముదిరింది. టీ కప్పు పట్టుకుంటే సగం చొక్కా మీదే. కుర్చీలో కదలకుండా కూర్చున్నా బస్సు వెనకాల పరిగెత్తినట్టు గుండె దడ. ఎంత తిన్నా ఆకలే, ఎంత తిన్నా ఒళ్ళు పట్టదు. ఒకరోజు మైకులో నా గొంతు వణికింది. కిందనించి ఒక డ్రైవరు అరిచాడు, "ఏం మైకూ, ఎవరితోనైనా ప్రేమలో పడ్డావా?" అని.

అక్కే లాక్కెళ్ళింది డాక్టరు దగ్గరికి. థైరాయిడన్నాడు. మెడలో ఉండే గ్రంథి, అవసరానికి మించి పనిచేస్తోందట. బయటికొస్తూ అక్క ఏమందో తెలుసా? "నీ ఒంట్లో కష్టపడి పనిచేసేది ఒక్కటైనా ఉందన్నమాట" అంది. ఇద్దరం మెట్ల మీద నిలబడి పగలబడి నవ్వాం. అలా ఉండేవాళ్ళం బావా మేం. అది కూడా నువ్వు గుర్తుపెట్టుకోవాలి.

మళ్ళీ రెండోసారి వెళ్ళినప్పుడు, పరీక్షలన్నీ వచ్చాక, డాక్టరు నన్ను గుండె పరీక్షకి పక్కగదిలోకి పంపాడు. ఛాతీ మీద తీగలు అతికించుకుని నేను అక్కడ పడుకున్నాను. ఇక్కడ ఆయన మందు రాసి, దాని సంగతంతా అక్కకి చెప్పాడు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చేసరికి అక్క లేచి నిలబడి ఉంది.

"ఏమన్నాడు?" అన్నాను.

"రోజూ వేసుకోమన్నాడు. ఒక్కపూట కూడా మానొద్దన్నాడు. అంతే" అంది.

అంతే! ఆ మాట అన్నప్పుడు మొహంలో ఏం మారలేదు బావా. అదే నాకిప్పటికీ అర్థం కాదు. కంట్లో దుమ్ము పడ్డా తెలిసిపోయే మనిషి కదా ఆవిడ. అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయని నువ్వే ఏడిపించేవాడివి. ఆ రోజు చెవులు కూడా మామూలుగానే ఉన్నాయి.

మందు పనిచేసింది. కాదనను. చేతులు కుదుటపడ్డాయి, నిద్ర పట్టింది, చొక్కా మళ్ళీ నాదైంది. మాత్రలన్నీ పెట్టెలోంచి తీసి ఒక స్టీలు డబ్బాలో పోసిచ్చింది అక్క. "ఈ అట్టపెట్టెలు, కాయితాలు నీకెందుకు, చదివి లేనిపోని రోగాలు తెచ్చుకోవడానికా?" అంది. అదీ ప్రేమే అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా.

తర్వాత గొంతునొప్పి వచ్చింది.

చూడు, గొంతునొప్పి నాకు కొత్తా? పొద్దస్తమానం అరిచేవాణ్ణి. దుమ్ము, డీజిల్ పొగ, ఫ్యాను గాలి. నెలకోసారి గొంతు పట్టేయడం మామూలే. టీ కొట్టాయన అల్లం వేసిచ్చాడు. కండక్టరొకడు మిరియాలు నమలమన్నాడు. ఇంకొకడు మౌనవ్రతం చెయ్యమన్నాడు, మైకు ముందు కూర్చునేవాడికి చెప్పాల్సిన సలహాయేనా అది? ఉప్పునీళ్ళు పుక్కిలించి పని చేసుకుంటూనే ఉన్నాను.

కానీ ఇది వేరేగా ఉంది. ఉమ్మి మింగుతుంటే గాజుపెంకు దిగినట్టుంది. నోట్లో, నాలిక పక్కన పుండ్లు లేచాయి. సాయంత్రం భోజనం దగ్గర కూర్చుని ముద్ద మింగలేక అక్కతో చెప్పాను.

గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది ఆవిడది. నేను చూశాను బావా. ఆ క్షణం ఎందుకాగిందో తెలీక, వేడి తగిలిందేమో అనుకున్నాను.

నుదురు ముట్టుకుంది. థర్మామీటరు తెచ్చి నాలిక కింద పెట్టింది. తీసి కిటికీ దగ్గరికెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎంతుంది?" అన్నాను.

"కొంచెం. గొంతునొప్పే కదా, పడుకో" అని దాన్ని విదిలించి డబ్బాలో పెట్టేసింది.

కొంచెం! ఒళ్ళు పొయ్యి మీద పెనంలా కాలుతుంటే కొంచెం! జ్వరం మాత్రిచ్చింది. ఇచ్చి, నా పక్కనే కూర్చుంది. నిద్రపోలేదేమో కూడా. ఎప్పుడు కళ్ళు తెరిచినా అక్కడే ఉంది. అది చూసి నేనేమనుకున్నానో చెప్పనా? అమ్మ ఉన్నా ఇంతకంటే చూసుకునేది కాదు అనుకున్నాను.

పొద్దున్న కాస్త చెమట పట్టి తగ్గినట్టనిపించింది. "ఇవాళ మానెయ్యరా" అని ఒక్కమాట అంది, గట్టిగా అనలేదు. పనిలోకెళ్ళాను. ఆ థైరాయిడ్ మాత్ర కూడా వేసుకునే వెళ్ళాను! వేసుకోవద్దని అనలేదు బావా. నా ఎదురుగానే నిలబడి ఉంది. నీళ్ళ గ్లాసు అందించింది.

మధ్యాహ్నం మైకు నొక్కి ఊరి పేరు చెప్పబోయాను. "ప్రయాణికులకు" అనేదాకా వచ్చింది. ఆ తర్వాత గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మైకు గది అద్దంలోంచి చూస్తే కింద జనమంతా తలలెత్తి స్పీకరు వైపు చూస్తున్నారు. సంచులు చేతుల్లో పట్టుకుని, ఎటు పరిగెత్తాలో తెలీక. నేను మళ్ళీ నొక్కాను. ఒళ్ళంతా వణుకు, పళ్ళు టకటకా కొట్టుకోవడం, అదే వినబడింది మైకులోంచి. ఇద్దరు కండక్టర్లు పైకొచ్చి నన్ను మోసుకెళ్ళారు.

ఆస్పత్రిలో రక్తం తీశారు. కాసేపటికి ఒక నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది. నడిచొచ్చే నర్సుల్ని చూసి భయపడక్కర్లేదు బావా, పరిగెత్తి వచ్చినవాళ్ళని చూసి భయపడాలి. నా మొహానికి మాస్కు కట్టి, వేరే గదిలోకి మార్చి, తలుపేసేశారు. పువ్వులు, పళ్ళు ఏవీ లోపలికి రాకూడదు. ఎవరొచ్చినా చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, దూరంగా నిలబడాలి.

నాకేమైందని అడిగితే రక్తం డాక్టరమ్మ వచ్చి చెప్పింది. పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. తెల్లకణాలు పడిపోయాయంది. మామూలు మనిషికి నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉంటాయట. నాకు ఏడొందలు. అందులో కూడా జబ్బుల మీద మొదట పరిగెత్తే రకం ఒకటుంటుందట, అవి వెతికినా దొరకలేదట.

"తగ్గితే ఏమవుతుందమ్మా?" అన్నాను. అదీ గొంతులోంచి కాదు, గాలితోనే.

"తగ్గినంత మాత్రాన ప్రతివాళ్ళకీ ప్రమాదం కాదు" అంది. ఏదో వైరస్ జ్వరమొచ్చి తగ్గాక కొన్నాళ్ళు కాస్త తగ్గుతాయట, వాటంతటవే పెరుగుతాయట. కొంతమందికి పుట్టుకతోనే తక్కువట, హాయిగా తిరుగుతారట. ఏ రకం తగ్గాయి, ఎంత తగ్గాయి, పక్కన జ్వరం ఉందా లేదా, అదీ చూడాలట. నాకు అన్నీ ఉన్నాయి. "మీరేం పని చేస్తారు?" అని అడిగింది. సైగ చేసి చెప్పాను. "మీ బస్టాండు ఊడ్చేవాళ్ళు ఒక్కపూట రాకపోతే ఎలా ఉంటుంది? మన నోట్లో, పేగుల్లో క్రిములు ఎప్పుడూ ఉంటాయి. ఎప్పటికప్పుడు శుభ్రం చేసేవి ఈ కణాలే. ఇప్పుడు మీ ఒంట్లో ఊడ్చేవాళ్ళెవరూ లేరు" అంది.

అంటే బయటినించి ఏ జబ్బూ రాలేదు బావా. నా నోట్లో ఉండేవే నామీద పడ్డాయి.

గొంతులో లైటు వేసి చూసి, "ఇన్ని పుండ్లున్నాయి, చీము చుక్క కూడా లేదు" అంది. అది మంచిదే కదా అని మొహం పెట్టాను. తల అడ్డంగా ఊపింది. చీమంటే ఏంటనుకున్నావు? పోట్లాడి చచ్చిన తెల్లకణాలే చీమట. నాకు చావడానికి కూడా ఎవరూ లేరక్కడ.

ఎందుకిలా అయిందని అడిగితే, ఏం మందులు వాడుతున్నావంది. అక్క గౌను తొడుక్కుని, మాస్కు కట్టుకుని గోడవారగా నిలబడి ఉంది. స్టీలు డబ్బా పట్టుకొచ్చింది. డాక్టరమ్మ మాత్ర చూడగానే థైరాయిడ్ డాక్టరుకి ఫోన్ చేయించింది. ఆయన అదే ఆస్పత్రిలో పైఅంతస్తులో ఉంటాడు, వెంటనే దిగొచ్చాడు.

వచ్చి, ఎవరి వైపూ చూడకుండా, నా చేతిలో నాడి పట్టుకుని మామూలుగా అన్నాడు. "వేలల్లో ఏ ఒక్కరికో ఈ మందు తెల్లకణాల్ని ఆపేస్తుంది. అందుకే గొంతునొప్పి గానీ జ్వరం గానీ వస్తే మాత్ర ఆపేసి, వెంటనే వచ్చి రక్తపరీక్ష చేయించుకోమన్నాను కదా. ఇంతదాకా ఎందుకు ఆగారు?"

నాతో ఎవరూ చెప్పలేదని నేను అనలేకపోయాను. గొంతు లేదు కదా. ఆయన మొహంలోకి చూశాను. "మీ అక్కగారికి రెండుసార్లు చెప్పాను" అన్నాడు.

అక్క వైపు తిరిగాను.

మాస్కు మీద కళ్ళొక్కటే కనబడుతున్నాయి. అవీ దించేసుకుంది.

ఆ డాక్టర్ని కూడా వదిలెయ్యలేదులే నేను. తర్వాత రాసి చూపించాను, రోగం నాదైతే ఆవిడకెందుకు చెప్పారని. "మీరు కంగారు మనిషని, తనే మెల్లిగా చెప్తానని అన్నారు" అన్నాడు. తప్పే చేశానని కూడా అన్నాడు. ఒప్పుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఒప్పుకుని వెళ్ళిపోవడం ఎంత తేలికో చూడు.

ఆస్పత్రిలో చేరిన మర్నాడు ఊపిరాడలేదు. గొంతు వాచిపోయి దారి మూసుకుపోయింది. గొట్టం దింపారు. ఆ రోజులు నాకు సరిగ్గా తెలీవు. ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. గాజుపలక అవతల అక్క. ఎప్పుడు చూసినా అక్క. కణాలు పుట్టడానికి పొట్ట మీద సూదులు పొడిచారు. రోజూ పొద్దున్నే రక్తం తీసుకెళ్ళేవాళ్ళు. ఆ చల్లటి దూది తగలగానే ఇవాళైనా పుట్టాయా అనుకునేవాణ్ణి. పరీక్ష ఫలితం కోసం చూస్తున్న పిల్లాడిలా.

పుట్టాయి చివరికి. మాత్ర ఆపితే ఎముకల్లో మూలుగ మళ్ళీ పని మొదలెడుతుందట. మొదట వందల్లో, ఆనక వేలల్లో. గొట్టం తీసేశారు. నర్సు, "ఏదీ, ఒక్కమాట మాట్లాడండి" అంది. మాట్లాడాను. ఆ అమ్మాయి నవ్వు ఆపేసి, "కొన్నాళ్ళు అలాగే ఉంటుందిలెండి" అంది.

కొన్నాళ్ళు కాదు. స్వరపేటిక మీద మచ్చ పడిందట. ఇంతేనట.

నన్నిప్పుడు ఎక్కడ వేశారో తెలుసా? పోయిన సామాన్ల గదిలో. గొడుగులు, చెప్పులు, టిఫిన్ డబ్బాలు. కట్టుడు పళ్ళ సెట్టు కూడా ఒకటుంది, అడగడానికి ఎవరూ రారు. నోరు మూసుకుని అడగలేరు, నోరు తెరిచి అడగలేరు పాపం. మైకు ముందు కొత్తమ్మాయి కూర్చుంది. మంచి గొంతు. కానీ ప్లాట్‌ఫారం ముందు చెప్పి, ఊరు తర్వాత చెప్తుంది. ఊరు వినకుండా జనం పరిగెత్తేసి, మళ్ళీ వెనక్కి పరిగెడతారు. చెప్దామనుకుంటాను. ఈ గొంతుతో వెళ్ళి ఎలా మాట్లాడాలో ఏం నేర్పను?

ఆస్పత్రినించి వచ్చే రోజు, సంచి సర్దుతున్న అక్కని అడిగాను. అప్పటిదాకా అడగలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మాత్ర మానేస్తావని" అంది. నా తువ్వాలు మడతపెడుతోంది. "అప్పటికే ఎముకలు తేలిపోయావు. కళ్ళముందు కరిగిపోతుంటే భయమేసింది. నేనే కనిపెట్టుకుని ఉంటాలే అనుకున్నా."

సరే, ఇంతవరకూ ఒప్పుకుంటాను. ఇంతవరకూ నువ్వయినా అదే చెప్తావు.

"మరి గొంతునొప్పి అన్న రోజు?" అన్నాను.

తువ్వాలు మళ్ళీ విప్పింది. మళ్ళీ మడతపెట్టింది.

"అక్కా, గొంతునొప్పి అన్న రోజు, జ్వరం చూసిన రోజు, అప్పుడు కూడా ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు చెప్తే..." అంది. తువ్వాలు సంచిలో కుక్కింది. "అప్పుడు చెప్తే, ముందే ఎందుకు చెప్పలేదంటావని."

విన్నావా బావా? నేను కోప్పడతానని! నా కోపానికి భయపడి నా ప్రాణాన్ని పణంగా పెట్టి ఒక్కరోజు ఆగి చూసింది. తగ్గిపోతే దాచిన సంగతి దాచినట్టే ఉంటుంది కదా. ఆ ఒక్కరోజే ఈ గొంతు. డాక్టరమ్మని అడిగాను, ముందురోజే వచ్చుంటే అని. ఆవిడ మంచి మనిషి, "ఖచ్చితంగా చెప్పలేం" అంది. చెప్పలేమంటే ఏంటో నాకు తెలుసులే.

ఆవేళ ఇంటికి కాదు, ఈ గదికొచ్చాను. టీ కొట్టాయన తమ్ముడిదీ ఇల్లు.

మంచికోసమే చేసిందంటావా? అను, అను. అందరూ అదే అంటున్నారు. మంచికోసం చేసిన పనికి ఇంత గొంతు పోతే, చెడుకోసం చేసుంటే ఏం పోయేదో!

నీతో ఎందుకు చెప్తున్నానో తెలుసా ఇదంతా? ఇంకెవరికీ చెప్పలేదు. అమ్మ పోయినప్పుడు నాకు జ్ఞాపకం ఉంది. ఇంటినిండా జనం. అమ్మేదని అడిగితే ఒకరు ఊరెళ్ళిందన్నారు, ఒకరు నిద్రపోతోందన్నారు. అక్క కూడా, "వచ్చేస్తుందిరా" అంది. అప్పటికి మీ పెళ్ళై ఎన్నాళ్ళైందని? నువ్వంటే నాకు చనువు కూడా లేదు. నువ్వు నన్ను పెరటి మెట్ల మీద కూర్చోబెట్టుకుని, "అమ్మ చచ్చిపోయిందిరా, ఇంక రాదు. ఏడవాలంటే ఏడువు, నేనిక్కడే కూర్చుంటా" అన్నావు. కూర్చున్నావు. నా ఏడుపయ్యేదాకా కదల్లేదు. ఆ రోజునించీ ప్రపంచంలో ఎవడు అబద్ధమాడినా మా బావ ఆడడు అని...

ఏంటి బావా?

ఎందుకు తల దించుకున్నావు?

నీళ్ళు తర్వాత తాగుదువుగాని. ఇటు చూడు. నా మొహంలోకి చూడు ఒకసారి.

నీకు తెలుసా?

ఉండు... ఆ సాయంత్రం థర్మామీటరు పెట్టేశాక, అక్క వంటగదిలోకెళ్ళి తలుపు దగ్గరకేసుకుంది. ఎవరితోనో ఫోన్లో మాట్లాడింది. "అంతేనంటావా? రేపటిదాకా చూడమంటావా?" అన్న మాట నాకు వినబడింది. జ్వరంలో ఉన్నాను కదా, పక్కింటావిడతో ఏదో అనుకున్నాను. అక్క పక్కింటావిడని "అంటావా" అని ఎప్పుడూ అనదు, మీరనే అంటుంది. నువ్వనేది నిన్నే. ఇన్నాళ్ళూ తట్టలేదు చూడు నాకు!

అప్పుడు నీ ఓడ రేవులో ఉందన్నమాట. సిగ్నల్ దొరికిందన్నమాట.

ఏమన్నావు? చెప్పు, నీ నోటితో చెప్పు. "గొంతునొప్పే కదా, వాడికెప్పుడూ ఉండేదే, ఒక్కరోజు చూడు" అన్నావా? మరి మందు సంగతో? అది కూడా మొదట్నుంచీ తెలుసా? "చెప్పకు, వాడు గాభరా పడతాడు" అని నువ్వే...

సరే. సరే, చెప్పక్కర్లేదులే.

లేదు, నవ్వొస్తోంది. దగ్గు కాదిది, నవ్వే. ఇప్పుడు నా నవ్వు ఇలాగే ఉంటుంది. ఇద్దరూ కూడబలుక్కుని నన్ను కాపాడారన్నమాట. ఒకరు పక్కనే కూర్చుని, ఒకరు సముద్రం మీద కూర్చుని.

అక్కని చూశావా? ఆస్పత్రి గదిలో నేను అనరాని మాటలన్నాను. నువ్వు నన్ను పెంచలేదు, సొంత బొమ్మలా ఆడుకున్నావు అన్నాను. అప్పుడైనా "మీ బావే ఆగమన్నాడు" అని ఒక్క ముక్క అనలేదు. నీ పేరు రానివ్వలేదు. అంతా తన నెత్తినే వేసుకుంది. ఎందుకో తెలుసా? అమ్మ పోయిన రోజు నువ్వు చెప్పిన నిజం నాకెంత ముఖ్యమో ఆవిడకి తెలుసు. అది కూడా నాకు మిగలకుండా పోతుందని దాచింది. అందులో కూడా దాచిపెట్టడమే! ఆవిడకి వేరే విద్య రాదు.

కూర్చో, లేవకు. కాళ్ళు పట్టుకుంటావా ఏంటి ఇప్పుడు? పెద్దవాడివి, బాగుండదు. కూర్చో.

ఒక సంగతి ఒప్పుకుంటాను, విను. మీరిద్దరూ అనుకున్నదే నిజం. ఆ డాక్టరు నాతో చెప్పుంటే, ఆ మాత్ర ఆ రోజే కాలవలో పడేసేవాణ్ణి. కడుపుమంట మాత్ర ఏం చేశాను? జుట్టు రాలొచ్చని కాయితంలో ఉందని మానేశాను. "రాలడానికి అక్కడేముందిరా?" అని నువ్వు అడిగావు కూడా. నేనలాంటివాణ్ణే. మందు మానేసేవాణ్ణి, గుండె ఆగి పోయేవాణ్ణేమో కూడా. మీ అంచనా తప్పలేదు. అదే బావా నాకు మింగుడుపడంది. మీరు తప్పు లెక్కేసి ఉంటే హాయిగా తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. నన్ను అంత బాగా తెలిసిన ఇద్దరు మనుషులు కూర్చుని, వీడికి వీడి సంగతి చెప్పకపోవడమే మేలు అని తేల్చుకున్నారు చూడు. నలభై దాటిన మనిషిని. అదీ.

ఆ మాత్ర ఇంక జన్మలో వేసుకోకూడదు నేను. మానేశాక ఆ వణుకు మళ్ళీ మొదలైంది, చెయ్యి చూడు. అందుకని వేరే వైద్యం చేస్తారట. అయోడిన్ మందట, గుళిక మింగితే గ్రంథిని లోపలే మాడ్చేస్తుందట. మొన్న పిలిచారు. ఈసారి నేనొక్కణ్ణే వెళ్ళాను. తలుపేసుకుని, నా ఎదురుగా కూర్చుని, నాకే చెప్పాడు డాక్టరు, అన్నీ. మింగాక కొన్నాళ్ళు ఎవరి పక్కనా పడుకోకూడదు, పిల్లల్ని ఎత్తుకోకూడదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఇంకో మాత్ర. ఏమేం రావచ్చో, ఏది వస్తే పరిగెత్తుకుని రావాలో, మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను. గర్వంగా ఉంది బావా. కోర్టులో కేసు గెలిచినట్టుగా బయటికొచ్చాను.

ఈ గదికొచ్చి తలుపేసుకున్నాను. మంచం మీద, ఇప్పుడు నువ్వు కూర్చున్నచోటే కూర్చున్నాను. ఆయన చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. భయమేసింది. మామూలు భయం కాదు. ఎవరితోనైనా చెప్పుకోవాలి కదా అలాంటప్పుడు.

ఏం చేశానో తెలుసా? ఫోన్ తీసి అక్కకి చేశాను.

నేనే. ఆలోచించి కూడా కాదు, వేలు అక్కడికే వెళ్ళింది. మొదటి రింగుకే ఎత్తింది. ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చుంటుంది కాబోలు. "ఏరా?" అంది. ఎదురుచూస్తోంది. నా ఊపిరి వినబడే ఉంటుంది.

పెట్టేశాను.

మళ్ళీ చెయ్యలేదు ఆవిడ. అందుకే కదా నిన్ను పంపింది ఇవాళ? అనుకున్నాలే.

వెళ్ళు, ఇంక వెళ్ళు. ఏమన్నాడని అడుగుతుంది, ఆ ఫోన్ పొరపాటున తగిలిందట అని చెప్పు. జేబులో ఉండగా నొక్కుకుపోయిందట అను.

నమ్మదు. నమ్మకపోతే నమ్మకపోనీ. నేను మాత్రం అలాగే చెప్పమన్నానని చెప్పు.